గాలియమునకు గాలి పగ

మేము తెలుగు చెప్పువారము. పొరుగు రాష్ట్రమైన ఆంధ్రప్రదేశమున శిక్షణము పొంది, ఈ హోసూరు సీమకు వచ్చి పెక్కేండ్లయినది. ఛందస్సు, సంధులు, సమాసములు మా విద్య. రసాయనశాస్త్రము మాది కాదు. అయినను గత సంవత్సరము విజ్ఞానశాస్త్రోపాధ్యాయులు సెలవులో నుండగా, తొమ్మిదవ తరగతికి మూలకముల పట్టికను మేమే చెప్పవలసివచ్చెను.

ముప్పదియొకటవ గడిలోని పేరు చదువగానే ఒక బాలుడు లేచి, "అయ్యవారూ, గాలియమనగా గాలితో చేసినదా?" అని అడిగెను. తరగతి యంతయు నవ్వెను, మేమును నవ్వితిమి. అంతలో వాకిట ఆ బాలుని తండ్రి నిలిచియుండుట చూచితిమి. ఆయన కుమారుని బదిలీ పత్రమునకై వచ్చెను. "మన భాషలో కథలు చెప్పవచ్చును గాని, ఇట్టి శాస్త్రములు చెప్పగలమా, అయ్యవారూ? పై చదువులలో వీడు వెనుకబడడా?" అనెను. ఆ మాట మా మనస్సున నాటెను. "రేపు ఇదే వేళకు రండి" అని మాత్రము పలికి, ఆ రాత్రి గ్రంథములు ముందిడుకొని కూర్చుంటిమి.

మరునాడు బాలుని ప్రశ్నతోనే ప్రారంభించితిమి. 1871లో రష్యా శాస్త్రజ్ఞుడు మెండలీవు తన పట్టికలో అల్యూమినియము క్రింద గడి ఖాళీగా విడిచి, అచట నుండవలసిన మూలకపు లక్షణములను ముందుగనే చెప్పెను. 1875లో ఫ్రాన్సు దేశీయుడు లెకాక్ ద బ్వాబోద్రాన్ దానిని కనుగొని, తన దేశపు లాటిను నామమైన గాలియా పేర పిలిచెను. ఈ లోహము 30 డిగ్రీలకు కొంచెము తక్కువ వేడిమికే కరగును; అరచేత నుంచిన చాలును.

పిమ్మట వేపచెట్టు క్రింద ఆరుగురు పిల్లలను నిలిపితిమి. ముగ్గురు గాలియములు, ముగ్గురు నత్రజనులు. ట్రైమిథైల్ గాలియమును అమ్మోనియాతో కలిపి వేడిచేసిన, మీథేను వాయువు తొలగిపోవును. మిగిలినదానిలో గాలియమునకు ఎలక్ట్రానుల కొరత; నత్రజని యొద్ద ఇచ్చుటకు ఒక జంట. కావున ఒకదాని నత్రజని మరియొకదాని గాలియమునకు చేయి అందించును. ఇట్లు మూడు కలిసి, ఆరు పరమాణువుల వలయమగును. పిల్లలు చేతులు పట్టుకొనగానే వలయము కుదిరెను. ఇందు వేర్వేరు జాతుల పరమాణువులుండుటచే దీనిని విజాతీయ వలయ సమ్మేళనమనవచ్చును.

"ఆ వలయమును ఎవరు చూచిరి?" అని ఒక బాలిక యడిగెను. కంటితో ఎవరును చూడలేదు. స్ఫటికముగుండా ఎక్స్-కిరణములను పంపిన చుక్కల చిత్రమేర్పడునని 1912లో లౌవే, ఆయన సహచరులు చూపిరి. ఆ చిత్రమునుండి పరమాణువుల స్థానములను లెక్కకట్టు త్రోవను 1913లో బ్రాగ్ తండ్రీకొడుకులు చూపిరి. నేడును ఇట్టి వలయముల రూపము ఆ త్రోవనే తెలియవచ్చును.

ట్రైమిథైల్ గాలియము గాలి తగిలిన తనంతట తానే మండును. అందుచే గాలి చొరని పాత్రలలోనే ఈ పని సాగును. "పేరులో గాలి యున్నను, దీనికి గాలియే పగ" అనగా, నిన్నటి బాలుడే అందరికంటె ముందు నవ్వెను. ఈ రెండు పదార్థములనే మిక్కిలి వేడిమిలో కలిపి గాలియం నైట్రైడు స్ఫటికపు పొరలు పెంచుదురు. దానినుండి నీలికాంతి దీపమును సాధించినందులకు అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెలు బహుమానము లభించెను. మన యిండ్ల తెల్లని ఎల్.ఇ.డి. దీపములకు మూలము ఆ నీలికాంతియే.

ఆ తండ్రి చివరివరకు చెట్టు ప్రక్కన నిలిచి వినెను. ఆనాడు బదిలీ పత్రమడుగలేదు. రేపు అడుగునేమో, మేమెరుగము. ఒక్క గడిని తెలుగున చెప్పుటకు మాకొక రాత్రి పట్టెను. ఇన్నేండ్లు అట్లు కూర్చుండకపోవుట మా లోపము, భాషది కాదు.