పండుగ విందులో మూగజీవుల వంతు

క్రిస్మస్ మాసము వచ్చిందంటే మన ఇండ్లలో సందడి ఇంతా అంతా కాదు. ఒక ఇంట అరిసెల పాకము, ఒక ఇంట జంతికల పిండి, మరొక ఇంట ప్లమ్ కేకు కోసం ఎండుద్రాక్ష నానబెట్టుట. ఇరుగుపొరుగు వారికి పళ్ళెములు పంచి సంతోషిస్తాము. అదే సమయములో వంటింటి గుమ్మము దగ్గర తోక ఆడిస్తూ కుక్క, గట్టు కింద ఒదిగి కూర్చున్న పిల్లి మన చేతుల వైపే చూస్తుంటాయి. వాటికి మాత్రము పండుగ కాదా అని పిల్లలు తమ చేతిలోని కేకు ముక్క విరిచి పెడతారు. ఆ పిల్లల ప్రేమ మంచిదే. ఆ కేకు మాత్రము మంచిది కాదు. ఈ సంగతిని గూర్చియే ప్రియ పాఠకులతో కొంచెము మాట్లాడగోరుచున్నాము.

కుక్కల తిండిని గూర్చి సంఘ పత్రికలో వ్రాయవలెనా అని కొందరు అడుగవచ్చును. సామెతలు 12:10 చూడండి. నీతిమంతుని గుర్తులలో ఒకటిగా తన పశువుల పట్ల అతడు చూపు దయ అక్కడ చెప్పబడినది. నీనెవె పట్టణముపై జాలిపడిన దేవుడు ఆ ఊరి పశువులను కూడ లెక్కలో చేర్చెను. నాతాను ప్రవక్త దావీదుకు చెప్పిన ఉపమానములోని బీదవాడు తన చిన్న గొఱ్ఱెపిల్లకు తన గిన్నెలోనిదే త్రాగనిచ్చెను. మన బల్ల దగ్గర మూగజీవులకు చోటున్నదని లేఖనములకు తెలియును.

కొన్ని సంవత్సరముల క్రితం మా సంఘములోని ఒక విధవరాలి ఇంట జరిగినది చెప్పుచున్నాము. పిల్లలు దూరదేశములలో ఉండగా, ఆ తల్లికి తోడు ఒక చిన్న కుక్కయే. పండుగనాడు పలకరించుటకు వచ్చిన ఎనిమిదేండ్ల పాప తన వంతు ప్లమ్ కేకంతా దానికి తినిపించినది. ఆ రాత్రే వాంతులు మొదలైనవి. మరునాటికి మూత్రము ఆగిపోయినది. పశువైద్యుడు సెలైను ఎక్కించినా మూత్రపిండములు పని చేయలేదు. నాలుగవ నాడు అది చనిపోయినది. మేము ప్రార్థనకు వెళ్ళినప్పుడు ఆ పాప కూడ తల్లితో వచ్చి, గోడకు ఆనుకొని, "పాస్టరుగారూ, నేనే చంపేశానా?" అని అడిగినది. మేము జవాబు వెదకుచుండగానే ఆ పెద్దావిడ పాపను దగ్గరకు తీసుకొని, "నువ్వు ప్రేమతో పెట్టావమ్మా. ఏది పెట్టాలో నీకెవరూ చెప్పలేదు, అంతే" అన్నది. ఆ మాట మేము మరువలేదు. ప్రేమించుమని పిల్లలకు నేర్పుచున్నాము. ప్రేమతో ఏమి ఇవ్వవలెనో కూడ నేర్పవలసినవారము మనమే.

కనుక ముందుగా పెట్టకూడనివి తెలిసికొందము. ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కల మూత్రపిండములను పాడుచేయును. ఇంతవరకు ఫరవాలేదు అని చెప్పగల కొలత లేదు. వాటిలోని టార్టారిక్ ఆమ్లము ఇందుకు కారణము కావచ్చునని 2021లో అమెరికా పశువైద్యులు గుర్తించారు. మన చింతపండులో ఆ ఆమ్లము మెండుగా ఉన్నది. కాబట్టి పులుసు, పులిహోర కూడ వద్దు. చాకొలెట్టులోని థియోబ్రొమిన్ అను పదార్థమును కుక్క శరీరము త్వరగా అరిగించుకోలేదు. చాకొలెట్టు ఎంత నలుపైతే అంత ప్రమాదము. ఉల్లి, వెల్లుల్లి కుక్కలకును, మరి ఎక్కువగా పిల్లులకును, ఎఱ్ఱ రక్తకణములను చెడగొట్టును. ఉడికించినా, వేయించినా ఆ గుణము పోదు. చక్కెర లేని చూయింగ్ గమ్ము వంటి వాటిలో వాడే జైలిటాల్ కుక్కకు గంటలోపే రక్తములోని చక్కెరను ప్రమాదకరముగా దించివేయగలదు. వండిన కోడి ఎముకలు సూదులవలె చీలి గొంతులో, ప్రేగులలో గుచ్చుకొనును. నూనె ఓడే పిండివంటలు, మాంసపు కొవ్వు క్లోమమునకు వాపు తెచ్చును.

పిల్లి సంగతి వేరు. పిల్లి నాలుక తీపిని ఎరుగదని, అందుకు కావలసిన జన్యువు దానిలో పని చేయదని 2005లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. పిల్లికి పాయసము పెట్టి మురిసిపోవుట మన ముచ్చటకే. ఎదిగిన పిల్లులలో చాలా వాటికి పాలు కూడ సరిగా అరగవు. పిల్లికి కావలసినది మాంసము.

ఇక పెట్టదగినవి. ఇవి మా ఇంటిలో చేయుచున్న పద్ధతులు, ఖర్చు తక్కువ.

కుక్కలకు గుమ్మడి బిస్కెట్లు: గోధుమపిండి రెండు కప్పులు, ఉడికించి మెదిపిన తియ్య గుమ్మడికాయ అర కప్పు, గ్రుడ్డు ఒకటి. ఉప్పు, పంచదార, సోడా, మసాలా ఏమియు వద్దు. తగినన్ని నీళ్ళతో గట్టిగా కలిపి, పావు అంగుళము మందముగా ఒత్తి, చిన్న సీసా మూతతో కోయండి. ఓవెన్ ఉంటే 180 డిగ్రీలలో 25 నుండి 30 నిమిషములు. లేకుంటే మందమైన పెనము మీద మూతపెట్టి, సన్నని సెగపై రెండు వైపులా లోపలి వరకు కాలనివ్వండి. బాగా ఆరిన తరువాత డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో ఉంచి వారములోపు వాడండి.

పిల్లులకు కోడి ఉండలు: ఎముక, చర్మము లేని కోడిమాంసము ఉప్పు లేకుండ ఉడికించి, సన్నగా చిదిమి, ఉడికిన గ్రుడ్డు సొనతో కలిపి శనగగింజంత ఉండలు చేయండి. ముళ్ళు తీసిన ఉడికిన చేపతోను చేయవచ్చును. ఏ పూటకాపూటే చేసికొనుట మేలు.

ఏది పెట్టినను మితముగా పెట్టండి. ఇటువంటివి రోజు తిండిలో పదవ వంతు మించకూడదు. చిన్న కుక్కకు ఒకటి, పెద్దదానికి మూడు చాలును. మొదటిసారి చిన్న ముక్క పెట్టి ఒక రోజు చూడండి. పెట్టకూడనిది తిన్నదని తెలిస్తే వాంతులు మొదలగువరకు ఆగవద్దు. ఉప్పునీళ్ళు పోసి కక్కించవద్దు. వెంటనే పశువైద్యశాలకు తీసికొని వెళ్ళి, ఏమి తిన్నది, ఎంత తిన్నది, ఎప్పుడు తిన్నది చెప్పండి.

మన ప్రేమవిందులను గూర్చి కూడ ఒక మాట. భోజనములైన తరువాత బిర్యానీ విస్తళ్ళు, ఎముకలు బయట పారవేయుట, వీధికుక్కలు ఎగబడుట ప్రతి ఊరిలో చూచుచున్నదే. ఉల్లి, మసాలా వేయకముందే గుప్పెడు మాంసము వేరే గిన్నెలో ఉడికించి, ఉత్త అన్నములో కలిపి, విందు తరువాత పెద్దవారు ఒకచోట పెట్టవచ్చును. పిల్లలను మాత్రము వీధికుక్కల దగ్గరకు పంపకండి. ఎముకలను గోతిలో పూడ్చండి. వంటవారికి ముందుగా ఒక మాట చెబితే చాలు.

ఆ మరుసటి సంవత్సరము మా సండేస్కూలు పిల్లలు ఆ గుమ్మడి బిస్కెట్లను చేసి, కాగితపు పొట్లములలో కట్టి కుక్కలున్న ఇండ్లకు పంచారు. ఆ విధవరాలి ఇంట అప్పటికి ఒక కుక్కపిల్ల చేరినది. ఆమె పొట్లము అందుకొని, పెట్టవలసిన చేయి ఆ పాపదేనని పట్టుబట్టినది. పాప మొదట వెనుకాడి, తరువాత పొట్లములో ఏమేమి కలిపారో పేరు పేరున ఆమెకు అప్పజెప్పి, అప్పుడు ఒక ముక్క విరిచినది.

ఫిలిప్పీ సంఘము కొరకు పౌలు చేసిన ప్రార్థన (1:9) గమనించండి. వారి ప్రేమ పెరుగవలెనని మాత్రమే ఆయన అడుగలేదు. ఆ ప్రేమ తెలివితోను, వివేచనతోను కూడి పెరుగవలెనని అడిగెను. ఈ క్రిస్మస్‌కు మన పొయ్యి మీద ఒక చిన్న గిన్నె ఉప్పు లేకుండ, ఉల్లి లేకుండ అదనముగా ఎక్కును గాక. మన పిల్లలను వంటింటిలోకి పిలిచి, ఎందుకో వారికి చెప్పుదము. ప్రభువు మీ గృహములను, మీ గుమ్మములో కాచుకొనియున్న మూగజీవులను దీవించును గాక. ఆమేన్.