రంగము వెళ్లినవారి పాట

గడచిన మాఘమాసమున మా తమ్ముని కుమార్తెకు సంబంధము వచ్చినదని తెలిసి నేను శ్రీకాకుళము వెళ్లితిని. వరుడు అమెరికాలో ఉద్యోగము చేయుచున్నాడు. మరునాడు పెండ్లివారు పిల్లను చూడవచ్చెదరనగా, మధ్యవర్తిగా నున్న మా బంధు వొకరు నన్ను ప్రక్కకు పిలిచి, "అప్పా! నీవు పెద్దదానవు, నీ మాట వారు నమ్ముదురు. పూర్వుల సంగతి వచ్చినచో మీ తాతగారు రంగములో వర్తకము చేసిరని చెప్పుము. మిల్లులో బస్తాలు మోసెనని మాత్రము నోట రానీయకుము" అనెను.

నేను సరే యనలేదు, కాదనలేదు. ఆ రాత్రి నాకు కన్ను మూతపడలేదు. ఆ బస్తాల కూలితో మా తాత కొన్న రెండెకరముల మెట్టభూమియే మా నాయనను చదివించినది. ఆ చదువే మమ్ముల నింతవారిని చేసినది. అట్టి మాటను దాచుట యెట్లు? దాచకున్న పిల్ల సంబంధము చెడిపోవునేమో! ఈ రెంటి నడుమ తెల్లవారినది.

మన ప్రాంతమున రంగూను నగరమును రంగమనుట వాడుక. ఆంగ్లేయులు 1852లో దిగువ బర్మాను, 1886 నాటికి తక్కిన దేశమును ఆక్రమించుకొనిరి. ఐరావతీనదీ ముఖమున అడవులు కొట్టి వరిపొలములు వేసిరి. ఆ ధాన్యము దంచుటకు మిల్లులును, బియ్యము నోడల కెత్తుటకు రేవులును, వానికి మనుష్యులును కావలసివచ్చిరి. ఇచ్చట వానలు తప్పినప్పుడెల్ల కళింగపట్నము, భీమునిపట్నము, విశాఖపట్నము రేవులలో పొగయోడ లెక్కువారు పెరుగుచుండిరి. బర్మా 1937 ఏప్రిలు 1వ తేదీ వరకు హిందూదేశమున నొక రాష్ట్రముగనే యుండెను గావున, వెళ్లినవారు తాము పరదేశము పోవుచున్నామని యెన్నడును తలపలేదు. 1931 జనాభాలెక్కల నాటికి రంగూనులోని నాలుగులక్షల జనములో సగమునకు పైగా హిందూదేశీయులే!

ఇట్లు వెళ్లినవారి బ్రతుకు మేస్త్రి చేతిలో నుండెడిది. మేస్త్రి యూరిలో బయానా యిచ్చి, ఓడ టిక్కెట్టు కొని, అచ్చట పని చూపించును. కూలి చేతికి వచ్చునప్పు డందులో తన వంతు కోసికొనును. అప్పు తీరువరకు కూలివాడు కదలుటకు వీలులేదు. ఒక గదిలో పదిమంది, ఇరువదిమంది, వంతులవారీగా నిద్రించుచుండిరి. మా మామ్మ కాపురమునకు వెళ్లిన క్రొత్తలో తెర కట్టిన మూలయే ఆమె యిల్లు.

వీరికి బర్మావారు పెట్టిన పేరు కోరంగీలు. కాకినాడ చెంత, గోదావరి సముద్రమున గలియు తావున, కోరంగి యను రేవు ఉండెడిది. పూర్వ మచ్చటినుండి యోడలు తూర్పుదేశములకు పోయెడివి. 1839లో గొప్ప తుపాను వచ్చి ఆ రేవును నాశనము చేసినను, పేరు మాత్రము సముద్రము దాటి నిలిచినది. ఊరి పేరు జాతి పేరైనది. పాకీపని, రిక్షాపని, మోతపని చేయువారి పేరగుటచే అది క్రమముగా తిట్టుగా మారినది. మన దేశమును మనము అన్నపూర్ణ యనియు వేదభూమి యనియు పొగడుకొనుచుండగా, అచ్చటి వీథులలో మన దేశపు పేరు ప్రతిష్ఠ లీ కూలివాని మురికిబట్టను బట్టి నిర్ణయింపబడుచుండెను.

1930 మేనెలలో రంగూను రేవున తెలుగుకూలీలు కూలి పెంచుమని సమ్మె చేసిరి. యజమానులు బర్మావారిని పనిలోనికి తెచ్చిరి. సమ్మె తీరి తెలుగువారు తిరిగి రాగానే బర్మావారిని పొమ్మనిరి. ఆ యవమానముతో కలహము రేగి నగరమంతయు వ్యాపించెను. అనేకులు ప్రాణములు కోల్పోయిరి. ఆ కథ విన్నప్పుడెల్ల చిన్నతనమున నాకు బర్మావారిపై కోపము వచ్చెడిది. ఇప్పుడు విచారించిచూడగా, తమ దేశముననే పని దొరకని ఆ పేదవాని దుఃఖమును మన పేదవాని దుఃఖమును ఒక్కటిగనే తోచుచున్నవి. లాభము పొందినవారు ఆ కలహమున దెబ్బలు తినలేదు.

మా మామ్మ ఈ సంగతులు చెప్పునప్పుడు కష్టములను త్వరగా దాటి, మేస్త్రియింటి గ్రామఫోను దగ్గర చాలసేపు నిలిచెడిది. ఆదివారము సాయంకాలము మేస్త్రి ఆ పెట్టెను అరుగుమీద పెట్టించును. కూలిజనమంతయు వీథిలో చతికిలబడును. నాటకపద్యములు, కృష్ణరాయబారము, హరిశ్చంద్రుని కాటిసీను. విన్నదే మరల మరల వినెడివారట. ఒకనాడు పసిగొంతుకతో నొక పాట వచ్చినది. అది సాలూరు రాజేశ్వరరావు పాటయని యెవరో చెప్పిరి. సాలూరు చెంతనున్న శివరామపురమున 1922లో పుట్టిన ఆ బాలుడు చిన్ననాటనే రికార్డులకు పాడినవాడు. "మన సాలూరి గుంటడే! అంత దూరంనుంచి మన ఊసు మనకే వినిపించినట్టయింది. అందరూ ఏడిసినారే" అని మామ్మ చెప్పి తానును కన్నులు తుడిచికొనెడిది.

1941 డిసెంబరు 23వ తేదీన జపానువారు రంగూనుపై బాంబులు వేసిరి. ఓడలు దొరకలేదు. లక్షలకొలది జనము కాలినడకను బయలుదేరిరి. మా వారు ప్రోము మీదుగా అరకాను కొండలు దాటిరి. అయిదేండ్ల మా నాయనను తాత భుజమున నెత్తుకొనెను. మూడేండ్ల మేనత్తను మామ్మ చంకనెత్తుకొనెను. కొండ దిగకమున్నే ఆ బిడ్డను విషూచి తీసికొనిపోయినది. ఆమె పేరు మా యింట నెవరును పలుకరు.

"ఏమి తెచ్చుకొన్నారు మామ్మా?" అని నే నొకసారి యడిగితిని. "ఏటి తెత్తామే? పెట్టి మేస్త్రిది. కాళ్లు మాయి. పాటలు ఒకటో రెండో నోట్లో ఉండిపోనాయి" అన్నది. ఆ పాటలే మాకు జోలపాట లైనవి.

ఆ తరువాతను కొందరు మరల రంగము వెళ్లిరి. 1962లో సైనికప్రభుత్వము వచ్చి, వర్తకములు జాతీయము చేయగా, వారును ఓడలెక్కి తిరిగివచ్చిరి. విశాఖపట్నమున కంచరపాలెము చెంత బర్మాక్యాంపు అను పేర నున్న పేట వారి జ్ఞాపకమే.

ఇక పాట సంగతి చూడుడు. విజయనగర ప్రభువులు 1919లో స్థాపించిన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రథమాధ్యక్షులు. పిమ్మట ద్వారము వెంకటస్వామినాయుడుగారు ఆ పదవి నలంకరించిరి. ఆ కళాశాలకు కృష్ణాజిల్లానుండి ఘంటసాల వేంకటేశ్వరరావు అను పేదబాలుడు వచ్చెను. పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆయనకు విద్య చెప్పిరి. విజయనగరపు ఇల్లాండ్రు ఆయన జోలెలో మధుకరము వేసిరి. ఆ ఘంటసాలయు మన సాలూరు రాజేశ్వరరావును కలసినదే 1951 నాటి మల్లీశ్వరి చిత్రము. అది 1953లో చైనాభాషలో ఉపశీర్షికలతో పెకింగున ప్రదర్శింపబడినది. ఘంటసాల 1971లో ఐరోపా, అమెరికాలలో కచేరీలు చేసి ప్రశంసలందెను. మన విజయనగరముననే పుట్టిన సుశీలగారి గాత్రము నెరుగని తెలుగుకుటుంబము ఏ ఖండమునను లేదు.

పాటకు లభించిన ఈ మర్యాద, పాటను మొదట నోటబెట్టుకొని సముద్రము దాటిన కూలివానికి ఏల లభింపలేదు? ఈ ప్రశ్నకు జవాబు నాకు మా పెరటిలో దొరకినది.

క్రిందటి యేడు విజయనగరములోని మా యింటికి మరమ్మతు చేయించితిమి. పనికి వచ్చినవారు గుణుపురము ప్రక్కనుండి వచ్చిన ఒడియావారు. అందొక చిన్నది మా వేపచెట్టుకు చీరయుయ్యెల కట్టి బిడ్డను పరుండబెట్టి యిటుకలు మోయుచుండెడిది. నేను ఆమెను "ఓ ఒరియాపిల్లా" యని పిలుచుచుంటిని. ఆమె త్రాగు గ్లాసును వేరుగా నుంచితిని. ఒక మధ్యాహ్నము బిడ్డ యేడ్చుచుండగా ఆమె తన భాషలో నేదో పాడినది. మాట తెలియలేదు గాని ఆ దీర్ఘము మామ్మ గొంతులోని దీర్ఘమువంటిదే. వింటి వాకిటనే నిలిచిపోయితిని. ఆమె పేరేమని యడుగుటకు నాకు పదునెనిమిది దినములు పట్టినది! రంగములో మామ్మను కోరంగీ యని పిలిచిన యిల్లాలు నావంటిదే యైయుండును. చెడ్డది గాదు, పేరడుగుటకు తీరిక లేనిది, అంతే.

మధుకరము నాడు విజయనగరపు తల్లులు ఆ పరాయి యూరి బాలుని గుమ్మమునుండి పంపివేసియుండినచో మన దేశమున కెంత నష్టము కలిగెడిదో!

మరునాడు పెండ్లివారు వచ్చిరి. కాఫీలైన పిదప వరుని తల్లి పూర్వుల సంగతి యడిగినది. మధ్యవర్తి దగ్గెను. నేను, "మా తాత రంగములో బియ్యపుమిల్లున కూలిపని చేసెనమ్మా. మా మామ్మ కొండలు నడచి తిరిగివచ్చినది" అంటిని. గదిలో కొంతసేపు మాటలు లేవు. మా మరదలు నన్నొక చూపు చూచినది. వరుడు మాత్రము, తన కార్యాలయములో తన పేరు పలుకలేక తోటివారు సగము చేసి పిలుతురని నవ్వుచు చెప్పెను. వారు జవాబు పంపుదుమని లేచిరి.

ఆ జవాబు పండ్రెండు దినములు రాలేదు. ఆ పండ్రెండు దినములు మా మరదలు నాతో మాటలాడలేదు. పదుమూడవ దినమున సమ్మతమని కబురు వచ్చినది. రాకపోయియుండినచో నే నేమి చెప్పుదునో నాకు తెలియదు. చెప్పిన మాట మాత్రము వెనుకకు తీసికొనియుండను. మధ్యవర్తిగారు ఇంకను నాపై కినుకతోనే యున్నారు.

సోదరీమణులారా! మన బిడ్డలు నేడు గల్ఫునకు, సింగపూరునకు, అమెరికాకు పోవుచున్నారు. వారికి ఊరగాయజాడీలతోపాటు ఈ కథలను గూడ కట్టి యిండు. తాత మోసిన బస్తా సంగతి తెలిసినవాడు ఏ దేశమునను సాటి కూలివానిని చులకన చేయడు. మన గుమ్మమున పనికి వచ్చినవారిని పేరు పెట్టి పిలువుడు. పిల్ల పెండ్లి వైశాఖమున. మామ్మ పాడెడి ఆ రెండు పాటలును మా మేనకోడలికి ఇప్పుడే నేర్పుచున్నాను.