డిసెంబరు ఎండల్లో మారిషస్ కబుర్లు

మనకు ధనుర్మాసం చలి మొదలయ్యే వేళకు మారిషస్‌లో తురాయి చెట్లు ఎర్రగా విరగబూస్తాయి. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో బడి సెలవులతో పాటు వచ్చే పువ్వు అది. అక్కడా సెలవులతోనే వస్తుంది, కాకపోతే వాళ్ల పెద్ద సెలవులు డిసెంబరులో. భూమధ్యరేఖకు అవతల ఉన్న దీవి కదా, కేలండరు మనదే అయినా ఎండలు తలకిందులు. వాళ్లు ఫ్లాంబోయాన్ అనే ఈ పువ్వు పూసిందంటే ఏడాది చివరికొచ్చిందని అక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు.

టూరిస్టు పుస్తకాలన్నీ మారిషస్‌కు మే నుంచి అక్టోబరు లోపల వెళ్లమంటాయి. ఎండ తక్కువ, ఉక్క తక్కువ, తుఫాను భయం లేదు. మాట నిజమే. కానీ ఆ దీవి మీద మనసు పడాలంటే మాత్రం ఒళ్లు చెమటతో తడిసే ఈ నెలల్లోనే వెళ్లాలంటాను. నీలం సముద్రం ఏడాది పొడుగునా అక్కడే ఉంటుంది, ఎక్కడికీ పోదు. జనం ఇళ్లలోంచి బయటపడి తినేదీ, ఆడేదీ, పక్కింటికి పంచేదీ ఇప్పుడే.

ముందు లీచీల సంగతి. నవంబరు సగమయ్యేసరికి పెరళ్లలో లీచీ చెట్లకు వలలు పడతాయి. ఒక్కో చెట్టూ దోమతెర కట్టిన పట్టెమంచంలా ఉంటుంది. దొంగల కోసం కాదు, గబ్బిలాల కోసం. అది మామూలు గబ్బిలం కూడా కాదు, ఆ చుట్టుపక్కల దీవుల్లో తప్ప లోకంలో ఇంకెక్కడా లేని పండ్ల గబ్బిలం. పంటంతా అదే తినేస్తోందని తోటలవాళ్లు మొత్తుకుంటే 2015 నుంచి ప్రభుత్వం కొన్ని విడతలుగా వాటిని వేల సంఖ్యలో చంపించింది. వన్యప్రాణి ప్రేమికులు గొడవ చేశారు. 2018లో ఆ జాతి అంతరించే ముప్పున్న జంతువుల జాబితాకెక్కింది. ఇప్పటికీ లీచీల కాలం వస్తే చాలు, కాఫీల దగ్గర ఇదే వాదన. నేను ఏ పక్షమో చెప్పను గానీ, రాత్రిపూట వల మీద వాలి లోపలి పండును చూస్తూ కిచకిచమనే ఆ జీవిని చూస్తే జాలేస్తుంది. పండు మాత్రం, గుత్తి నుంచి అప్పుడే తెంపింది, గరుకు తొక్క గోటితో చీల్చగానే రసం మోచేతి దాకా కారుతుంది. రోడ్డు పక్కన కాయలు లెక్కపెట్టి ఆకులతో సహా కట్టలు కట్టి అమ్ముతారు. బస్సు దిగేలోపు కట్ట ఖాళీ.

బస్సంటే గుర్తొచ్చింది. 2005 నుంచి అక్కడ ముసలివాళ్లకూ, చదువుకునే పిల్లలకూ బస్సు ఉచితం. అందుకని పొద్దున పదింటి బస్సు నిండా అమ్మమ్మలూ తాతయ్యలే. పని ఉండి వెళ్తారా అంటే, ఉండదు. ఈ ఊళ్లో వంకాయలు కొనటానికీ, ఆ ఊళ్లో వియ్యపురాలిని పలకరించటానికీ. ఎక్కగానే అందరికీ కలిపి ‘బొంజూర్’ చెప్తారు. ‘కి మానియేర్?’ అంటే ‘కోరెక్’. ఎలా ఉన్నావు, బానే ఉన్నా, అంతే. ఆ రెండు మాటలు వస్తే సగం దీవితో స్నేహం కుదిరినట్టే. మహెబూర్గ్‌లో సోమవారం సంత ఉంటుంది, వీలైతే ఆ రోజు బస్సెక్కండి. దారి పొడుగునా చెరకు చేలు, చేల మధ్య నల్లరాళ్ల గుట్టలు. అగ్నిపర్వతం పేలి పుట్టిన దీవి కాబట్టి నేల నిండా రాళ్లే. దున్నటానికి వీలుగా వాటిని ఒక్కొక్కటిగా ఏరి పోగులు పెట్టింది కూలీలు. వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు, ఆ సంగతి తర్వాత చెప్తాను.

డిసెంబరులో బజార్లు కిటకిటలాడటానికి ఇంకో కారణముంది. అక్కడ చట్టం ప్రకారం ఉద్యోగికి ఏడాది చివర ఒక నెల జీతం బోనస్‌గా ఇచ్చి తీరాలి. అందులో ముప్పావు వంతు క్రిస్మస్‌కు ముందే చేతిలో పడాలి. పడింది పడ్డట్టే రోజ్ హిల్, క్యుర్‌పీప్ అంగళ్లలోకి వెళ్లిపోతుంది. ఫ్రిజ్‌లు, సోఫాలు, పిల్లల సైకిళ్లు. రాజధాని పోర్ట్ లూయిస్ నుంచి క్యుర్‌పీప్ దాకా ఇప్పుడు మెట్రో నడుస్తోంది. బోనస్ రోజుల్లో ఆ పెట్టెల్లో మనుషుల కంటే అట్టపెట్టెలే ఎక్కువ.

తిండి గురించి రాయకపోతే ఆ దీవికి అన్యాయం చేసినట్టు. దాల్ పూరీ వాళ్ల జాతీయ ఆహారమని చెప్పొచ్చు. పప్పు ఉడకబెట్టి పొడి చేసి మైదా ఉండల్లో కూరి, పల్చగా ఒత్తి పెనం మీద కాలుస్తారు. ఎప్పుడూ ఒకటి కొనరు, జతే. ‘ఎన్ పేర్’ అంటే ఒక జత. పోర్ట్ లూయిస్‌లో ఒకాయన చెయ్యి చూస్తూ నిలబడ్డాను. అద్దాల పెట్టెలోంచి రెండు పూరీలు ఒకదాని మీద ఒకటి పరిచి, చిక్కుడు గింజల కూర ఒక గరిటె, రుగాయ్ అనే టమాటా కూర ఒక గరిటె వేసి, తలెత్తకుండానే ‘పిమా?’ అంటాడు. మిరపకాయ కావాలా అని. అవునంటే పచ్చడి ఒక చెంచా, చుట్టి కాగితంలో పెట్టి చేతిలో పడేస్తాడు. వెనక వరసలో బ్యాంకు మేనేజరున్నా, మేస్త్రీ ఉన్నా నిలబడి తినాల్సిందే. పొద్దుటిపూట అయితే ‘గాతో పిమా’. పేరు ఫ్రెంచిదైనా సరుకు మన పప్పు వడే, పచ్చిమిర్చీ ఉల్లికాడలూ వేసింది. కరకరలాడే రొట్టెను చీల్చి వెన్న రాసి, మధ్యలో నాలుగు వడలు కుక్కి తింటారు. రొట్టెలో వడ ఏమిటని మొదట ముఖం చిట్లించాను, తిన్నాక ఇంకోటి అడిగాను. ఎండ ముదిరితే అలూదా: చల్లటి పాలల్లో సబ్జా గింజలు, అగర్ ముక్కలు.

ముప్పై ఒకటో తేదీ రాత్రి మన దీపావళే. ఇళ్ల ముందు ఎర్రటి టపాకాయల దండలు, పన్నెండు కొట్టగానే ఊరంతా ఒక్కసారి. చెవులు మూసుకోవటం తప్ప గత్యంతరం లేదు. తెల్లారి చూస్తే వీధులన్నీ ఎర్ర కాగితం ముక్కలు. జనవరి ఒకటి, రెండు రెండూ సెలవులే. ఒకటి సరిపోదని అధికారికంగా ఒప్పుకున్న ప్రభుత్వాన్ని మెచ్చుకోవాలి.

ఆ రెండు రోజులూ జనమంతా సముద్రం ఒడ్డునే. నాకు దీవి మీద మోజు పుట్టింది అక్కడే, ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ సరుగుడు తోపులో. అవును, మన బాపట్ల, చీరాల ఒడ్డున ఉండే సరుగుడే. ఒక కుటుంబం మొత్తం బస్సు మాట్లాడుకుని వస్తుంది. పెద్ద డేగిసాలో బిర్యానీ, అందులో బంగాళదుంపలు తప్పనిసరి. చాపలు, మడత కుర్చీలు, గుడారాలు, ముసలమ్మకు దిండు. అనాసపండు అమ్మేవాడు కాడ పట్టుకుని కత్తితో మెలికలు మెలికలుగా చెక్కి, కళ్లన్నీ ఒక్క చుట్టులో తీసేసి, ఉప్పూకారం అద్ది ఇస్తాడు. అంతలో ఎవరో ఎండుపుల్లలు ఏరి మంట వేస్తారు. వంటకు కాదు, రవాన్ కాచటానికి. మేకతోలు బిగించిన వెడల్పాటి డప్పు అది. మనవాళ్లు డప్పు కాచినట్టే మంట దగ్గర తిప్పుతూ, మధ్యమధ్య వేళ్లతో తట్టి చెవి ఒగ్గి వింటారు. మోత ఖంగుమంటే సెగా మొదలు. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికావాళ్ల పాట, ఆట సెగా. ఈ పాతకాలపు సెగాను 2014లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. పాదం ఇసుక వదలకుండా నడుము మాత్రమే ఆడాలి. చూడటానికి సులువే, ప్రయత్నిస్తే మోకాళ్లు చెప్తాయి.

ఆ తోపులో ఎవరు హిందువో, ఎవరు ముస్లిమో, ఎవరు ఆఫ్రికా మూలాల క్రియోలో, ఎవరు చీనావాళ్లో పోల్చటం మొదటి గంట ప్రయత్నించాను. తర్వాత మానేశాను. అంతా అక్కడి వాడుక భాష క్రియోల్‌లో కేకలేస్తున్నారు. అంత మాత్రాన అక్కడ కులాల లెక్కలూ, మతాల రాజకీయాలూ లేవని అనుకోకండి, ఎన్నికలప్పుడు అన్నీ బయటికొస్తాయట. అయితే గిన్నెలకు మతం లేదు. దీపావళికి చిలగడదుంప ముద్దలో కొబ్బరి, పంచదార పెట్టి వేయించిన గాతో పతాత్ వీధంతా తిరుగుతుంది. చీనావాళ్ల కొత్త సంవత్సరానికి జిగురు బియ్యప్పిండితో ఆవిరికి ఉడికించిన గట్టి కేకు అటు నుంచి ఇటు వస్తుంది. అదీ ప్రభుత్వ సెలవే. జనవరి, ఫిబ్రవరి మధ్య తమిళుల కావడి, దానికీ సెలవు. శివరాత్రికి కావళ్లు భుజాన వేసుకుని దీవి నలుమూలల నుంచి పవిత్ర సరస్సు గంగా తలావ్‌కు నడిచివెళ్తారు. దారిలో పళ్లరసాలు పోసేవాళ్ల మతం ఎవరూ అడగరు.

చట్టం ప్రకారం మారిషస్‌లో సముద్రం ఒడ్డు అందరిదీ. ఎంత పెద్ద హోటలైనా ఇసుక మీద మనల్ని కూర్చోవద్దనకూడదు. చిక్కల్లా అక్కడిదాకా వెళ్లే దారి దగ్గర. హోటళ్లు, విల్లాలు పెరిగేకొద్దీ ఆ దారులు సన్నబడుతున్నాయి. మా ఒడ్డు దొంగిలించకండి అంటూ జనం ఉద్యమాలు నడుపుతున్నారు. వాళ్లకు ఆ సముద్రమంటే ఎంత ప్రాణమో 2020లో లోకమంతా చూసింది. జూలైలో వకాషియో అనే ఓడ పగడపు దిబ్బ మీదికెక్కి, ఆగస్టులో నూనె కక్కింది. ఎవరి కోసమూ ఆగకుండా ఊళ్లకు ఊళ్లు చెరకు ఆకు సంచుల్లో కూరి, కుట్టి, నూనెను ఆపే కట్టలు తయారుచేశాయి. మంగలి షాపుల నుంచి జుట్టు కూడా తెచ్చి వాడారు.

ఇప్పుడు తుఫాను కబురు, దాచి లాభం లేదు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుఫాన్ల కాలం. హెచ్చరికలు ఒకటి నుంచి నాలుగు తరగతులు. ఒకటి అంటే రేడియో విను. రెండు అంటే బకెట్లు నింపు. మూడు అంటే బస్సులు ఆగిపోతాయి, తలుపులేసుకో. నాలుగు అంటే గాలి నెత్తి మీదికి వచ్చేసింది. 1960లో కెరోల్ తుఫాను రేకుల ఇళ్లనూ, పూరిళ్లనూ ఊడ్చేసింది. ఈ రోజు పల్లెల్లో కూడా ఇళ్లన్నీ చదునైన కాంక్రీటు కప్పులతో ఉండటం ఆ దెబ్బతో మొదలైందే. 2024 జనవరిలో బెలాల్ తుఫాను వచ్చినప్పుడు పోర్ట్ లూయిస్ వీధుల్లో కార్లు నీళ్ల మీద తేలాయి. దివిసీమ, హుద్‌హుద్ చూసినవాళ్లం, తుఫానును సరదాగా మాట్లాడకూడదు. కానీ మేం దిగిన ఇంటి తాంతీన్, అంటే పిన్నిగారు, రెండో తరగతి ప్రకటించగానే చేసిన పనులు చెప్పాలి: తొట్టి నిండా నీళ్లు, టార్చికి కొత్త బ్యాటరీలు, తురాయి కొమ్మలు నరికించటం, చివరగా డబ్బా సార్డిన్ చేపలతో రుగాయ్ వండి గిన్నె మూతపెట్టటం. ‘గాలి రాకపోయినా కూర దండగ కాదు’ అంది. తుఫాను పక్కకు తప్పుకుంది, కూర మేం తిన్నాం.

మనవాళ్ల సంగతి చెప్తానన్నాను. 1834 నవంబరు 2న చెరకు తోటల కోసం మొదటి భారతీయ కూలీల ఓడ దిగింది. ఆ తేదీ కూడా సెలవే. కూలీలు ఎక్కిన మెట్లున్న ఆప్రవాసీ ఘాట్‌ను 2006లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు. 1840ల్లో కాకినాడ పక్కనున్న కోరంగి రేవు నుంచి తెలుగువాళ్లు వెళ్లారు, అందుకే పాత దస్తావేజుల్లో కోరంగీలని ఉంటుంది. ఇంట్లో మాట్లాడేది క్రియోలే. అయినా రామభజనం అంటే దీపం చుట్టూ తిరుగుతూ రాత్రంతా తెలుగులో పాడతారు. బడిలో పిల్లలు తెలుగు చదువుకోవచ్చు, మోకా ఊళ్లోని మహాత్మా గాంధీ సంస్థలో పై చదువులూ ఉన్నాయి. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడ జరిగాయి. ఒక గుడి దగ్గర మాది విశాఖ అని చెప్పగానే ఒకావిడ నా చెయ్యి పట్టుకుని ‘సింహాద్రి అప్పన్న ఊరా!’ అంది. ఆమెకు వచ్చిన తెలుగు దాదాపు అంతే. ఆ చెయ్యి వదిలించుకోవటానికి మాత్రం చాలాసేపు పట్టింది.

ఉగాదికి దేశమంతటికీ సెలవు, అప్పటికి తురాయి పువ్వు రాలిపోయి ఉంటుంది.

వెళ్లాలనుకునేవాళ్లకు రెండు మాటలు. మన పాస్‌పోర్టుకు ముందుగా వీసా అక్కర్లేదు, దిగాక ఇస్తారు. గడియారం గంటన్నర వెనక్కి తిప్పుకోవాలి. హోటల్లో భోజనంతో సహా ప్యాకేజీ తీసుకుంటే దాల్ పూరీ పోతుంది, ఆ ప్యాకేజీ తీసుకోవద్దు. లీచీలు డిసెంబరు దాటితే దొరకటం కష్టం. టికెట్టు మాత్రం తేదీ మార్చుకునే వీలున్నదే కొనండి, నాలుగో తరగతి వస్తే విమానాలు ఎగరవు.