కుడి కాదు, బలగడె

బెంగళూరు రాజాజీనగర్ చుట్టుపక్కల ఒకప్పుడు అంతా మిల్లులూ ఫ్యాక్టరీలే. రాజా మిల్స్ ఉన్న చోట ఇప్పుడు మంత్రి మాల్ లేచింది. 1884 నాటి బిన్నీ మిల్లు పోయి, పేరు ఒక రోడ్డుకి మిగిలింది. కార్మికుల ఈఎస్‌ఐ ఆసుపత్రి మాత్రం రాజాజీనగర్‌లో నిలిచే ఉంది, వైద్య కళాశాల కూడా అందులోనే. పొద్దున్నే ఓపీ వరసలో నిలబడితే పీణ్య గార్మెంటు ఆడపిల్లలు, ఒడిశా కుర్రాళ్ళు, తమిళం మాట్లాడే ముసలమ్మలు, మధ్యలో మన తెలుగు. ఆ వరస చూస్తే చాలు, ఈ ఊరిని ఎవరు నడిపిస్తున్నారో తెలుస్తుంది.

నాకు వచ్చింది హెర్నియా. బేళ్ళు దించే పని నాది. కుడి గజ్జల్లో కోడిగుడ్డంత ఉబ్బు, పడుకుంటే లోపలికి పోయేది, దగ్గితే బయటికొచ్చేది. చిన్న ఆపరేషనే, లోపల సన్నటి వల పెట్టి కుడతారన్నారు. "మిల్లోడి కడుపులో కూడా నేతేనా" అని మా తోడల్లుడు ఒకటే నవ్వు.

ఊరికొచ్చి చేయించుకోమని అమ్మ పోరు పెట్టింది. చిలకలూరిపేటలో అయితే చూసుకోడానికి మనుషులుంటారు, నిజమే. కానీ నా కార్డూ డిస్పెన్సరీ ఇక్కడ. పైగా కుట్లతో రాత్రంతా రైల్లో కూర్చుని వెనక్కి రావాలి. ఇక్కడే చేయించుకుంటానన్నాను. భయమల్లా కత్తి గురించి కాదు, భాష గురించి. నొప్పి ఎక్కడో, ఎట్లా ఉందో సరిగా చెప్పలేకపోతే ఎట్లా?

కొంత ధైర్యం వార్డులోనే దొరికింది. పక్క మంచం మీద చింతామణి నుంచి వచ్చిన పెద్దాయన, అటు కన్నడం ఇటు తెలుగు రెండూ ఇంటిభాషలే. ఆయన నేర్పిన కిటుకు: చాలా మాటల్లో మన 'ప' తీసి 'హ' పెట్టు. పొట్ట హొట్టె, పాలు హాలు, పల్లు హల్లు. నొప్పిని 'నోవు' అంటే సరి.

కానీ అన్నీ అట్లా కుదరవు. ఆపరేషన్ ముందు రాత్రి సిస్టరు వచ్చి "హన్నెరడు గంటె మేలె ఏనూ కుడియబేడి" అంది. నాకు 'కుడి' ఒక్కటే వినపడింది. ఏ వైపో అడుగుతోందనుకుని "అవునమ్మా, కుడే, కుడే" అని గజ్జ తట్టి చూపించాను. ఆమె గాభరాగా నా మంచం కింద నీళ్ళ సీసా తీసుకుపోయింది! పెద్దాయన పడీపడీ నవ్వి అప్పుడు చెప్పాడు: "కుడి అంటే కన్నడంలో తాగు అని సామీ. నీళ్ళు తాగొద్దంటాంది. కుడిపక్కకి బలగడె అనాల."

నవ్వులాటే గానీ, రెండూ ప్రాణానికి సంబంధించిన మాటలే. కడుపులో ఏమన్నా ఉంటే మత్తులో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఇక వైపు మారితే చెప్పేదేముంది! రాత్రంతా బలగడె, బలగడె అనుకుంటూ పడుకున్నా. పొద్దున డాక్టరమ్మ అడిగితే "బలగడె" అన్నాను. కాగితంలో చూసుకుని, నా చేత కూడా చూపించి, పెన్నుతో బాణం గుర్తు వేసింది. వెన్నులో సూది ఇచ్చారు, నడుం కింద కాళ్ళు నావి కానట్టే అయిపోయాయి. సాయంత్రం "మూత్ర హోయ్తా?" అని అడిగారు. దానికి అర్థం చెప్పేవాళ్ళు అక్కర్లేకపోయింది.

ఇక డబ్బు సంగతి, మనవాళ్ళు చాలామంది వదిలేసుకునేది ఇదే. ఆపరేషన్‌కి పైసా లేదు సరే, ఇంటి దగ్గరున్న రోజులకి కూడా సగటు కూలీలో 70 శాతం వస్తుంది. మొదటి రెండు రోజులకి రాదు. ఆరు నెలల లెక్కలో కనీసం 78 రోజులు చందా కట్టి ఉండాలి, ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు. జీతంలో మన వాటా 0.75 శాతం, యజమానిది 3.25. జీతం చీటీలో ఆ కోత ఉందో లేదో ఒకసారి చూసుకోండి. ఊరికి పోయి పడుకుంటే కాదు, డాక్టరు సర్టిఫికెట్ ఉండాలి. నేను మా తోడల్లుణ్ణి వెంటబెట్టుకుని డిస్పెన్సరీకి ఆటోలో పోయి తీసుకున్నా.

ఆరు వారాలు బరువు ఎత్తొద్దన్నారు. ప్రస్తుతం లేబుళ్ళు లెక్కపెట్టే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. బేళ్ళ దగ్గరికి వచ్చే నెల.