మొండి కాదు, మురికి

టేకు కాలితే వచ్చే వాసన చెడ్డదేమీ కాదు, పాత తోలు సంచీ తెరిచినట్టు ఉంటుంది. కానీ కోస్తున్నప్పుడు ఆ వాసన రాకూడదు. వచ్చిందంటే కర్ర కోత పడటం లేదు, ఒరిపిడికి మాడుతోంది.

మన్నెగూడలో మా ఇంటి వెనక, మెట్లకూ ప్రహరీకీ మధ్య రేకులు వేయించుకున్న కాస్త జాగా నా కార్ఖానా. సాగర్ రోడ్డు మీది లారీల చప్పుడు అక్కడికి సన్నగా వినిపిస్తుంది. పోయిన ఎండాకాలం మా బిడ్డ చదువుకునే టేబులు కోసం గుండ్రటి బ్లేడు రంపం మిషన్ మీద టేకు పలక నిలువునా చీలుస్తుంటే అంచు పొడవునా నల్లటి చార పడింది. సన్నగా పొగ లేచింది. పలకను ముందుకు తొయ్యడానికి భుజం బలమంతా పెట్టాల్సి వచ్చింది. బ్లేడు పని అయిపోయిందనుకున్నాను. రాణిగంజ్ వెళ్లి కొత్తది తెచ్చుకుందామని మిషన్ ఆపి, ప్లగ్గు పీకి, బ్లేడు విప్పి గోడకు ఆనించాను.

పక్క ప్లాటులో కొత్త ఇల్లు లేస్తోంది. అక్కడ దర్వాజ ఎత్తడానికి వచ్చిన వడ్ల పెద్దాయన మంచినీళ్లకని మా ఇంటికి వచ్చి ఆ బ్లేడు చూశాడు. "జర ఇట్లియ్యుండ్రి సారూ" అని తీసుకుని ఎండకు తిప్పి పట్టుకున్నాడు. ఒక పంటి పక్కన గోటితో గీకాడు. గోటి కింద నల్లబెల్లం లాంటి ముద్ద చేరింది. "ఇది మొండిగైంది గాదు సారూ, మురికైంది. తోమకపోతే మన పండ్లకు పాచి పట్టదా, గిదీ గంతే."

ఆయన వెళ్లాక భూతద్దం పెట్టి చూశాను. నా బ్లేడు మీద 3.2/2.2 అని అచ్చు వేసి ఉంది. పంటి వెడల్పు 3.2 మిల్లీమీటర్లు, దాని వెనకున్న ఉక్కు రేకు మందం 2.2. అంటే పన్ను రేకు కన్నా ఇటు అర మిల్లీమీటరు, అటు అర మిల్లీమీటరు బయటికి ఉంటుంది. పన్ను చేసిన దారిలో రేకు ఎక్కడా తగలకుండా తిరగాలంటే ఆ సందు ఉండాలి. నా బ్లేడుకు ఆ అర మిల్లీమీటరు నిండా టేకు నూనె, పొట్టు, ప్లైవుడ్ జిగురు కలిసి పేరుకుపోయాయి. పది అంగుళాల బ్లేడు ఒక చుట్టు తిరిగితే దాని అంచు 80 సెంటీమీటర్లు నడుస్తుంది. నిమిషానికి 4000 చుట్లయితే గంటకు 190 కిలోమీటర్ల వేగం. ఆ వేగంలో జిగురు ముద్ద కర్రను ఒరుసుకుంటుంటే మాడక ఏమవుతుంది? పైగా ఆ వేడికి జిగురు ఇంకా గట్టిపడుతుంది, గట్టిపడ్డకొద్దీ ఇంకా వేడి పుడుతుంది. వేడెక్కిన రేకు అంచు సాగి బ్లేడు వణుకుతుంది. మంచి బ్లేడుల అంచు నుంచి లోపలికి సన్నటి గాట్లు, గాటు చివర గుండ్రటి బెజ్జాలు ఉంటాయి. ఆ సాగే ఉక్కుకు చోటివ్వడానికే ఆ గాట్లు ఉన్నాయి. ఎంత చోటిచ్చినా మురికి పేరుకుంటే చాలదు.

ఎవరినైనా బాగా సతాయిస్తే రంపాన పెడుతున్నావని అంటాం. పదునుగా, శుభ్రంగా ఉన్న రంపం కర్రను అంత బాధ పెట్టదు. ఆ మాట పుట్టించినవాళ్లు చూసింది కడగని రంపమేనని నాకు గట్టి నమ్మకం.

కడగడం అరగంట పని. మా ఇంట్లో పాతబడిన స్టీలు తాంబాళం ఒకటి అడిగి తీసుకున్నాను. బ్లేడు అందులో చదునుగా పడుకుంటుంది. గోరువెచ్చటి నీళ్లు, రెండు చెంచాల బట్టల సోడా. మన చాకళ్లు సవుడు మట్టితో బట్టల జిడ్డు వదిలించింది కూడా ఈ క్షార గుణంతోనే. కుంకుడు రసం కూడా ప్రయత్నించాను. చేతి జిడ్డు పోయింది గానీ ఎండిన జిగురు కదల్లేదు. సోడా నీళ్లలో మాత్రం పది నిమిషాలకే గోధుమరంగు తీగలు తీగలుగా లేస్తుంది. అప్పుడు పాత టూత్ బ్రష్షు తీసుకుని ఒక్కొక్క పన్నూ తోమాలి. పంటి ముఖం, రెండు పక్కలు, దాని ముందున్న గుంత. బ్రష్షును ఎప్పుడూ మధ్య నుంచి అంచు వైపే లాగాలి, పళ్లకు ఎదురు పోతే వేలు తెగుతుంది. నా బ్లేడుకు 40 పళ్లు. ఎక్కడ మొదలుపెట్టానో గుర్తుండటానికి ఒక పంటి దగ్గర సుద్దముక్కతో గీత పెడతాను. పదిహేను నిమిషాల కన్నా ఎక్కువ నానబెట్టను.

ఇత్తడి చెంబును తోమినట్టు చింతపండు పెట్టకండి. పులుపు తగిలితే ఉక్కుకు తుప్పు, పంటికి ఇంకా పెద్ద నష్టం. అదెందుకో చెప్పాలంటే ఆ పన్ను ఏమిటో చెప్పాలి.

లేత్ షాపుల్లో విడియా అనే మాట చెవిన పడుతూనే ఉంటుంది. విడియా టూలు, విడియా బిట్టు. ఆ మాట జర్మనీ నుంచి వచ్చింది. బల్బులో వెలిగే టంగ్‌స్టన్ తీగను సన్నగా లాగడానికి అప్పట్లో వజ్రానికి బెజ్జం చేసి వాడేవారు. అంత ఖరీదు లేని గట్టి పదార్థం కోసం ఓస్రామ్ బల్బుల కంపెనీలో కార్ల్ ష్రోటర్ 1923లో టంగ్‌స్టన్ కార్బైడ్ పొడిని కోబాల్ట్‌తో కలిపి కాల్చే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. దాన్ని క్రుప్ కంపెనీ 1926లో 'వజ్రం లాంటిది' అనే అర్థమొచ్చే జర్మన్ మాటలు కుదించి విడియా పేరుతో అమ్మింది. తర్వాత బెంగళూరులో కూడా విడియా తయారైంది. ఇప్పుడు నా బ్లేడుకున్న పన్ను ఆ జాతిదే. కార్బైడ్ రవ్వలను పట్టి ఉంచేది కోబాల్ట్. ఆమ్లం తగిలితే ఆ కోబాల్ట్ కరిగి రవ్వలు వదులవుతాయి. డ్రైనేజీ పైపుల్లో పోసే కాస్టిక్ సోడా జోలికి కూడా నేను పోను, చెయ్యి కాలుతుంది. మురికి వదలడానికి బట్టల సోడా చాలు.

ఆ పన్ను ఎంత గట్టిదో అంత పెళుసు. టైల్సు నేల మీద ఒక్కసారి జారిపడితే కొన విరుగుతుంది. బ్లేడులను ఒకదాని మీద ఒకటి పేర్చితే పన్నూ పన్నూ తగిలి రాలుతుంది. అందుకే మధ్యలో అట్టముక్క పెట్టి మేకుకు తగిలిస్తాను. నిజంగానే మొండిదైనప్పుడు దాన్ని మామూలు సాన మీద పెట్టి లాభం లేదు, వజ్రపు పొడి అద్దిన చక్రమే దానికి పదును పెట్టగలదు. ఒకసారి తొందరపడి ఒక షాపులో ఇచ్చాను. మురికి కడగకుండానే చక్రం మీద పెట్టారు. పళ్లు హెచ్చుతగ్గులై వచ్చాయి, ఆ బ్లేడు ఇప్పుడు పాత చెక్కలకూ పెట్టెలకూ తప్ప పనికిరాదు. పదునుకు ఇచ్చే ముందు ఇంట్లో కడిగి, ప్రతి పన్నూ చూసుకుని ఇవ్వడం అప్పట్నుంచి అలవాటైంది.

కడిగాక ఆరబెట్టడంలో మాకు ఒక ఇబ్బంది. మా బోరు నీళ్లు ఉప్పు. వాటితో జాలించి వదిలేస్తే రేకు మీద తెల్ల మరకలు, వాటి కింద తెల్లారేసరికి తుప్పు. తాగే నీళ్లు ఒక చెంబెడు చివర పోసి, వెంటనే గుడ్డతో తుడిచి, ఐదు నిమిషాలు ఎండలో పెడతాను. తర్వాత కుట్టుమిషను నూనె రెండు చుక్కలు రాసి, మళ్లీ పొడిగుడ్డతో తుడిచేస్తాను. నూనె మిగిలితే కర్రకు అంటుతుంది, అక్కడ పాలిష్ పట్టదు.

పెద్దాయన రెండోసారి వచ్చినప్పుడు మా నాయన చేతిరంపం చూపించాను. తుప్పు, మీద కాస్త తారు. వేపకొమ్మలు కోసి కోసి పళ్ల మధ్య బంక గట్టిపడి ఉంది. కిరసనాయిలు గుడ్డతో తుడిచి సన్న ఎమరీ కాగితంతో రుద్దించాడు. తర్వాత రంపాన్ని పళ్లు పైకి వచ్చేట్టు రెండు చెక్కల మధ్య బిగించి, కన్ను దగ్గరగా పెట్టి చూశాడు. "మెరుస్తున్నయి సూడుండ్రి" అన్నాడు. ప్రతి పంటి కొనలోనూ ఆవగింజంత వెలుగు. పదునున్న కొనకు వెలుగు తిరిగి పంపడానికి చోటే ఉండదు, అరిగి చదునైన కొనే మెరుస్తుంది. ఇన్నేళ్లుగా మెరిసేది పదునని నేను అనుకున్నాను.

మొదట చదును ఆకురాయితో పళ్లన్నీ ఒకే ఎత్తుకు తెచ్చాడు. ఒక పన్ను ఇటు, ఒక పన్ను అటు కొద్దిగా వంచాడు. కోసే దారి రేకు మందం కన్నా వెడల్పుగా ఉండటానికి చేతిరంపంలో చేసే ఏర్పాటు అదే. తర్వాత ముక్కోణపు ఆకురాయితో ఒక్కొక్క పంటికి రెండేసి గీట్లు, లెక్క తప్పకుండా. మొదట్లో గరగరమన్న చప్పుడు సగానికి వచ్చేసరికి సన్నగా, ఒకే స్వరంలో సాగింది. ఆకురాయి పోయే ప్రతిచోటా మెరుపు ఆరిపోతూ వచ్చింది. ఇప్పుడు షాపుల్లో దొరికే రంపాలకు పళ్ల కొనలు నీలి నలుపు రంగులో ఉంటాయి. వాటిని వేడిచేసి గట్టిపరుస్తారు, ఆకురాయి వాటిని కొరకలేదు. మొండైతే పారేయడమే. ఆ రంపాలు నా దగ్గరా ఉన్నాయి, బాగానే కోస్తాయి. కానీ వాటికి ఎవరూ కూర్చుని పళ్లు దిద్దరు, అది నాకు వెలితిగానే ఉంటుంది.

దసరాకు మా ఇంట్లో పనిముట్లన్నీ కడిగి పసుపు కుంకుమ పెడతాం. పోయినసారి రంద, ఉలి, బాడిస పక్కన ఆ 40 పళ్ల బ్లేడు కూడా పెట్టాను. దాని జిగురు వదిలించిన మర్నాడు టేకు పలక చీల్చినప్పుడు నల్లచార రాలేదు, భుజానికి పని పడలేదు. పొట్టు వేడి లేకుండా, పొడిగా రాలింది. రాణిగంజ్ ప్రయాణం మానుకున్నాను.

మొదటిసారి కడిగిన రోజు తాంబాళంలో మిగిలిన కాఫీరంగు నీళ్లను మా మామిడి పాదులో పోయబోయాను. గోడ అవతలి నుంచి పెద్దాయన కేక వేశాడు. "వద్దు సారూ, సోడ నీళ్లు. భూమి సవుడైతది, చెట్టు ఎండుకపోతది." అప్పట్నుంచి ఆ నీళ్లను గేటు బయట కంకర కుప్ప మీద పోస్తున్నాను.