అంకెలు నిజం చెప్పాలంటే

సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో 'ప్రాసెస్' అన్న మాట వినగానే చాలామందికి ఆవులింత వస్తుంది. ఆడిట్ ముందురోజు హడావిడిగా నింపే ఎక్సెల్ షీట్లు, ఎవరూ చదవని టెంప్లేట్లు గుర్తొస్తాయి. ఆ ఆవులింతలో న్యాయం లేకపోలేదు. కానీ కొన్నేళ్లుగా ఆ షీట్ల వెనకాల కూర్చుని పనిచేస్తున్నవాణ్ణి కాబట్టి, అక్కడ నిజంగా ఆసక్తికరమైన విషయం ఒకటుందని చెప్పాలనిపిస్తోంది. దాన్ని పెర్ఫార్మెన్స్ మోడల్ అంటారు.

ఐబిఎమ్‌లో చాలాకాలం పనిచేసిన వాట్స్ హంఫ్రీ, పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చి, 1980ల చివర్లో సంస్థల పనితీరుని 5 మెట్లుగా విడగొట్టాడు. అదే సీఎమ్ఎమ్, తర్వాత సీఎమ్ఎమ్ఐ అయింది. శుభలేఖలో పేరు పక్కన డిగ్రీ వేసుకున్నట్టు మన కంపెనీలు 'లెవెల్ ఫైవ్' అని రాసుకుని మురిసిపోవడం హైదరాబాదు, బెంగళూరుల్లో పనిచేసినవాళ్ళకి తెలిసిందే. ఈ మెట్లలో నాలుగోదాని దగ్గర గణాంకశాస్త్రం లోపలికి అడుగుపెడుతుంది. అక్కడ కంపెనీని అడిగేవి ముఖ్యంగా రెండు: బేస్‌లైన్, మోడల్.

ఈ రెంటికీ తేడా మా అమ్మకి పెరుగుతో చెప్పాను. రాత్రి తోడు పెడితే మామూలుగా ఎన్ని గంటలకి తోడుకుంటుంది, అప్పుడప్పుడూ ఎంత ఆలస్యమవుతుంది అన్నది బేస్‌లైన్. చలికాలం కదా, పాలు ఇంకాస్త వెచ్చగా ఉన్నప్పుడే ఇంకో చెంచా తోడు వేస్తే తెల్లారేసరికి గట్టిపడుతుంది అన్నది మోడల్. చలి మన చేతిలో లేదు, తోడు ఉంది. మన చేతిలో ఉన్నది ఒక్కటైనా లేకపోతే అది మోడల్ అనిపించుకోదు, జాతకం అవుతుంది.

"ఇంతమాత్రానికి నీకు అంత జీతమిస్తున్నార్రా?" అంది అమ్మ.

కోడ్ విషయంలోనూ ఇంతే. గంటకి ఎన్ని లైన్ల వేగంతో రివ్యూ చేశాం, కోడ్ ఎంత చిక్కుగా ఉంది, రాసినవాళ్ళకి ఆ మాడ్యూల్ ఎంత పరిచయం అన్నవాటిని బట్టి టెస్టింగ్‌లో ఎన్ని డిఫెక్టులు బయటపడొచ్చో లెక్క వేస్తాం. కోడ్‌ని పద్ధతిగా తనిఖీ చేస్తే ఎంత లాభమో ఐబిఎమ్‌కి చెందిన మైకేల్ ఫేగన్ 1976లోనే కొలతలతో సహా రాశాడు. ఉదాహరణకి, ఇప్పుడున్న వేగంతో పోతే 12 నుంచి 30 డిఫెక్టులు మిగలొచ్చు, వేగం సగానికి తగ్గిస్తే 8 నుంచి 18 అని మోడల్ చెప్పిందనుకోండి. రిలీజుకి ముందే ఏదో ఒకటి చెయ్యడానికి వీలుంటుంది.

మేనేజర్లకి ఈ 'నుంచి' నచ్చదు. ఒక్క అంకె చెప్పమంటారు. గచ్చిబౌలి వైపు ఆఫీసులకి వెళ్ళేవాళ్ళు ప్రొఫెసర్ సి.ఆర్. రావు రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుంటూనే ఉంటారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదువుకున్న ఆ రావుగారు 1945లో, పాతికేళ్ల వయసులో, ఒక ఫలితం ప్రచురించారు. పక్షపాతం లేని అంచనా ఎంత తెలివైనదైనా, దాని అనిశ్చితి ఒక హద్దు కంటే కిందికి దిగదు. ఆ హద్దు డేటాలో ఎంత సమాచారం ఉందన్నదాని మీద ఆధారపడుతుంది. మా పనికి అన్వయించుకుంటే, డేటాలో లేని కచ్చితత్వం మేనేజరు గొంతు పెంచితే రాదు.

డేటాలో ఏముందన్నదే అసలు చిక్కు. ఒక కంపెనీలో మోడల్ కట్టడం కోసం రివ్యూ రికార్డులు తెరిచాను. దాదాపు అన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి: 1 గంట, 2 డిఫెక్టులు, రెండూ కామెంట్లలో స్పెల్లింగు తప్పులే. కొత్తగా చేరిన ఒక అమ్మాయివి మాత్రం గజిబిజిగా ఉన్నాయి. ఓ రోజు 3 గంటలు, 11 డిఫెక్టులు. అందులో నాలుగు తన కోడ్‌లో తనే పట్టుకుని రాసుకున్నవి.

ఆరా తీస్తే తేలింది. ఎవరి కోడ్‌లో ఎన్ని డిఫెక్టులు దొరికాయన్న పట్టిక ఆ ఏడాది నుంచి అప్రైజల్ మీటింగుకి వెళుతోంది. మిగతావాళ్ళు తప్పుల్ని చాట్‌లో ఒకరికొకరు చెప్పుకుని గుట్టుగా దిద్దేసుకుంటున్నారు. ఆ అమ్మాయికి ఈ కిటుకు ఎవరూ చెప్పలేదు. పట్టిక ప్రకారం అందరికంటే నాసిరకం ఇంజనీరు ఆమే. నా మోడల్‌కి పనికొచ్చే డేటా ఇచ్చింది కూడా ఆమె ఒక్కతే.

బ్రిటిష్ ఆర్థికవేత్త చార్ల్స్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్యవిధానం గురించి చెప్పిన సంగతి ఇదే: ఒక కొలతని పట్టుకుని అజమాయిషీ మొదలుపెట్టగానే అది అంతకుముందులా ప్రవర్తించడం మానేస్తుంది. పెరుగుకి అప్రైజల్ ఉండదు కాబట్టి ఉన్నదున్నట్టు తోడుకుంటుంది. మనుషులకి ఇంటి లోను ఉంటుంది.

పట్టికలోంచి పేర్లు తీసెయ్యండి, లేదంటే మోడల్ మీద నా పేరు వెయ్యొద్దు అన్నాను. రెండు మీటింగుల తర్వాత ఒప్పుకున్నారు. తర్వాతి రిలీజుకి రివ్యూల్లో దొరికే డిఫెక్టులు బాగా పెరిగాయి. క్వాలిటీ పడిపోయిందా అని పైనుంచి మెయిలొచ్చింది. పడిపోలేదు, ఇన్నాళ్ళకి కనబడుతోంది అని జవాబు రాశాను. ఆ ఎగుడుదిగుడు అంకెలతో కట్టిన మోడల్ ఇచ్చిన పరిధి వెడల్పుగానే వచ్చింది. అయినా దాన్ని చూపించి టెస్టింగ్‌కి ఇంకో వారం అడిగి తెచ్చుకోగలిగాం.

ఆ అమ్మాయి రేటింగు మాత్రం అప్పటికే ఖరారైపోయింది, దాన్ని ఎవరూ మార్చలేదు. మోడల్ వాడకంలోకి వచ్చేసరికి ఆమె నోటీస్ పీరియడ్‌లో ఉంది.