మూత మర్మం

మూత పెట్టడం కూడా ఒక విద్యేనని నలభయ్యేళ్ళు దాటాక తెలిసింది నాకు. ఎమ్మే తెలుగు చదివి పాఠాలు చెప్పుకునేవాడికి వంటింటి విద్యలు ఎందుకు తెలుస్తాయంటారా? తెలియకపోతే సరే, తెలుసునని గర్వపడ్డాను చూడండి, అక్కడే వచ్చింది చిక్కు.

కిందటి కార్తీకంలో ఒక ఆదివారం గుంటూరునుంచి సూర్యలంక సముద్రస్నానానికి ప్రయాణం కట్టాం. అందుకోసం కొత్త డబ్బా కొన్నాను. మూతచుట్టూ రబ్బరు పట్టీ, నాలుగువైపులా బిగింపులు. బకెట్టు నీళ్ళలో ముంచి చూపించాను. చుక్క లోపలికి పోలేదు. 1946 ప్రాంతాల అమెరికాలో ఎర్ల్ టప్పర్ అనే ఆయన పెయింటు డబ్బా మూతను చూసి ఇలాంటి బిగువు మూతను తయారుచేశాడని ఉపన్యాసం కూడా ఇచ్చాను.

తెల్లవారుజామున మా ఆవిడ కొబ్బరన్నం దించగానే, పొగలు కక్కుతూండగానే డబ్బాలో కూరి బిగించేశాను.

"ఆవిరి పోనీరా" అంది అమ్మ.

"ఇది నీ కాలపు క్యారేజీ కాదమ్మా!" అన్నాను.

ఆ క్యారేజీలోనే ముప్పయ్యేళ్ళు నాన్నగారి ఆఫీసుకు అన్నం పంపింది ఆవిడ. నాన్నగారు పోయాక అది అటకెక్కింది. అమ్మ మారు మాట్లాడలేదు. క్యారేజీ దింపించుకుని, తాంబాళంలో పలచగా ఆరబోసిన అన్నంలో నూనె, పసుపు, చింతపండు గుజ్జు కలిపి, పూర్తిగా చల్లారాక సర్దుకుంది.

స్నానాల వేళ మా చిన్నవాడు డబ్బాను అలల్లో పడేశాడు. అయినా ఉప్పునీటి చుక్క లోపలికి చేరలేదు. ఒంటిగంటకు సరుగుడుచెట్ల నీడన మూత తీద్దును గదా, అడుగుభాగమంతా చెమట పట్టినట్టు నీళ్ళు! అన్నం జిగురు సాగుతోంది. బయటి నీటిని రానివ్వని మూత లోపలి ఆవిరినీ పోనివ్వలేదు.

ఉడికినా చావని సూక్ష్మజీవుల బీజాలు అన్నంలో ఉంటాయనీ, గోరువెచ్చని తడిలో గంటల్లో పెరుగుతాయనీ, అవి పుట్టించే విషం మళ్ళీ వేడిచేసినా పోదనీ మర్నాడు మా కాలేజీ జీవశాస్త్రం మాస్టారు చెప్పారు. చింతపండు పులుపు వాటిని అంత తేలిగ్గా పెరగనివ్వదట.

ఆ పూట అందరి ఆకలీ తీర్చింది అమ్మ పులిహోరే. "చెప్పలేదూ!" అంటుందేమోనని నేను తలెత్తలేదు. అనలేదు. "డబ్బా మంచిదేరా" అంది. ఇంటికి రాగానే రబ్బరు పట్టీ ఊడదీసి, సందుల్లో మెతుకులు కడిగి, ఆరబెట్టింది.

క్యారేజీ మళ్ళీ అటకెక్కలేదు. ప్రయాణమంటే ఇప్పుడు నేనే పిలుస్తాను, "అమ్మా, చల్లారిందేమో చూడూ" అని. ఆవిడ చేయిపెట్టి చూసి, "ఊఁ, పెట్టు" అన్నాకే మూత బిగిస్తాను.